రివాల్వర్‌కి లేజర్ గ్రిప్ పనికొస్తుందా? వాడినవాళ్ళు చెప్పండి

బెంగళూరు శివార్లలో, హోసకోటె దగ్గర తోటలో మేమిద్దరమే ఉంటాం. లైసెన్సుతో కాన్పూర్ .32 రివాల్వర్ ఉంది. చత్వారం వచ్చాక ముందు సైటు (గురిచూసే గొట్టం చివరి ముక్క) మసక; కళ్ళద్దాలు పెడితే అది కనబడుతుంది గానీ ఎదురుగా ఉన్నది అలుక్కుపోతుంది. అమెరికాలో మా బావమరిది తన స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్‌కి క్రిమ్సన్ ట్రేస్ కంపెనీ లేజర్ గ్రిప్ (పిడి) వేసుకున్నాడు. పిడిని గట్టిగా పట్టుకోగానే ఎదుటి వస్తువు మీద ఎర్ర చుక్క పడుతుంది. అక్కడ కొందరు వేటకీ వాడతారట. మనకి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి ఆ ముచ్చటే లేదు, నాకు ఆత్మరక్షణకే.

పట్టపగలు ఎర్ర చుక్క కనబడుతుందా, ఆకుపచ్చే మేలా? లేజర్ గొట్టానికి పక్కగా ఉంటుంది కదా, ఎన్ని గజాలకి సరిచేసుకుంటారు? అసలు ఆ పిడి మన కాన్పూర్ ఫ్రేముకి పడుతుందా? తెప్పించాలంటే ముందు ఎవరి అనుమతి తీసుకోవాలి? ముందు సైటుకి తెల్లరంగు పూస్తే చాలంటారా, అదీ చెప్పండి.