డాబా మీద స్టీమ్ ఇంజను సగం రౌండు ఉరుకుతోంది, సగం రౌండు మొరాయిస్తోంది

డాబా రైలు:
అందరికీ నమస్తే, పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మా బావ లీడ్స్‌లో ఉంటాడు, మొన్న సంక్రాంతికి వస్తూ నా కోసం సెకండ్‌హ్యాండ్ అక్యూక్రాఫ్ట్ రూబీ అనే బొమ్మ రైలింజను ఒకటి పట్టుకొచ్చాడు, గ్యాస్ ట్యాంకూ బాయిలరూ ఖాళీ చేసి సూట్‌కేసులో స్వెట్టర్ల మధ్య పెట్టుకుని. కరెంటు కాదు, బ్యాటరీ కాదు, లోపల నిజంగా నీళ్ళు కాగి ఆవిరితో నడిచే ఇంజను. నాలుగు చక్రాలు, 45 ఎంఎం గేజు (పట్టాల మధ్య దూరం), బ్యూటేన్ గ్యాసు, రిమోట్ లేదు, అన్నీ చేత్తో తిప్పుకోవాల్సిందే.

ఎల్‌జీబీ అనే కంపెనీ బొమ్మ రైలు వంపు పట్టాలు 12 ముక్కలు సంపాదించా, కలిపితే నాలుగడుగుల రౌండు వస్తుంది. మల్కాజిగిరిలో మా డాబా మీద పరిచా. వాటర్ ట్యాంకు వైపు వచ్చేసరికి ప్రాణం పోయినట్టు ఆగిపోతుంది, వేలితో నెడితే మూలుగుతూ కదులుతుంది, అవతలి మలుపు తిరగ్గానే ఇంక పిచ్చెక్కినట్టు ఉరుకుతుంది, ఇప్పటికి రెండుసార్లు పట్టాలు తప్పి పక్కకి పడింది. రెగ్యులేటరు (ఆవిరి వదిలే పిడి) తగ్గిస్తే అసలు కదలదు, పెంచితే పడిపోతుంది.

ఇంకోటి, మొదలవుతూనే పొగగొట్టంలోంచి నల్లటి నూనె నీళ్ళు చిమ్ముతుంది. నిన్న మా అమ్మ పాత పంచె మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టింది, రెండు బారల దూరంలో ఉన్నాయి కదా అనుకున్నా, మొదటి వరస మొత్తం మచ్చలే. ఆ గొడవ ఇక్కడ రాయను. మూడోది, మంట హూ అని అరిచి ఆరిపోతోంది, నిన్న 3 గంటలప్పుడు నాలుగుసార్లు వెలిగించా. నీళ్ళు ఏవి పొయ్యాలో కూడా చెప్పండి, మాది బోరు నీళ్ళు, గీజరులోనే రాయి కడుతుంది.

బిట్రగుంట బాయిలర్:
ఇంజనుకి ఏం రోగం లేదు నాయనా, రోగమంతా నీ డాబాది. వాన నీళ్ళు గొట్టం వైపు పోవాలని మేస్త్రీ వాటం పెట్టే కదా కట్టేది. మీటరుకి ఒక సెంటీమీటరు వాటం ఉందనుకో, నీ రౌండుకి ఈ అంచుకీ ఆ అంచుకీ 12 ఎంఎం తేడా, అంటే ఒక పక్క 1 ఇన్ 100 (వంద అడుగులకి ఒక అడుగు) దాకా ఎక్కుడు, ఇంకో పక్క అంతే దిగుడు. పెద్ద రైళ్ళకే అది లెక్కలోకొచ్చే ఎక్కుడు, భోర్ ఘాట్‌లో 1 ఇన్ 37 ఉంటే వెనకాల ఇంకో ఇంజను పెట్టి తోస్తారు. నువ్వేమో రెగ్యులేటరు ఒకసారి తిప్పి వదిలేస్తావు, అదేమో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే ఆవిరితో పోవాల, ఇంకేం చేస్తది.

నమ్మకపోతే ఒక ఖాళీ బోగీ పట్టాల మీద నాలుగు చోట్ల పెట్టి వదులు. అది ఎటు దొర్లితే అటు పల్లం. ఇంజను కూడా అక్కర్లా. తర్వాత 18 ఎంఎం ప్లైవుడ్ తెచ్చి పట్టాలు దాని మీద బిగించు, కింద టైల్ ముక్కలు దోపి రసమట్టంతో అన్ని వైపులా చూసుకో. పట్టాల మీదే పెట్టి చూడు, చెక్క మీద కాదు, చెక్క వంగి ఉంటది.

ఇంకో మాట, ఒంటి ఇంజను నడపబాక. రూబీ లాంటి తేలిక ఇంజను వెనక ఏమీ లేకపోతే గిత్తదూడ మాదిరి పోతది. మూడు నాలుగు వ్యాగన్లు తగిలించి, అందులో కాస్త బరువెయ్యి. అప్పుడు ఊపిరి తీసుకుంటా పోతది, చప్పుడు కూడా బాగుంటది.

మా నాయన బిట్రగుంట రైల్వే షెడ్డులో ఫైర్‌మన్, అంటే ఆవిరి ఇంజనులో బొగ్గేసేవాడు. నా ఇంజను తెచ్చి చూపిస్తే మెచ్చుకోలా, గేజ్ గ్లాసు ఏదిరా అన్నాడు. ఇంజను ఎక్కగానే ముందు చూసేది నీళ్ళ మట్టమే అంట, అది కనపడకుండా నిప్పు పెట్టేవాడు ఫైర్‌మన్ కాదంట. చిన్న ఇంజన్లలో గ్లాసు లేకపోయినా లెక్క ఒకటే, నీళ్ళు అయిపోకముందే గ్యాసు అయిపోవాల. అందుకని బాయిలరు సరిగ్గా నింపకుండా గ్యాసు మళ్ళీ నింపి వెలిగించబాక, ఖాళీ బాయిలరు కాలిందంటే అతుకులు పోతాయి.

రాణిగంజ్ ఓరింగ్:
భయ్యా ఏప్రిల్ల మధ్యాహ్నం 3 గంటలకి డాబా మీద గ్యాస్ ఇంజను ముట్టిస్తవా, నీకు దండం. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరనే మరుగుతది, 20 డిగ్రీలకి గేజు మీద ఎంత ప్రెషరు ఉంటదో 40కి వచ్చేసరికి దానికి రెండింతలు దాటుతది. అంత జోరుగ వస్తే మంట బర్నరు మీద నిలవది, లేచి హూ అని అరిచి ఆరుతది, నీకు అయ్యేది గదే. పొద్దు గూకినంక నడుపు, గ్యాస్ వాల్వు కొంచెమే తెరువు. ప్రొపేన్ కలిసిన క్యాంపింగ్ డబ్బాలు దొరుకుతయి, ఎండాకాలంల వాటి జోలికి పోకు.

నింపేటప్పుడు ఇంజను చల్లగ ఉండాలె, డబ్బా తలకిందులు పెట్టి ఒత్తు, పక్కకెళ్ళి గ్యాసు చిమ్మిందంటే నిండినట్టు. దగ్గర్ల సిగరెట్టు గూడ ఉండొద్దు, నింపినంక రెండు నిమిషాలు గాలికి వదిలెయ్. వెలిగించుడు పొగగొట్టం కాడ, లైటరు పెట్టి వాల్వు మెల్లగ తిప్పితే టప్ అని మంట లోపలికి పోతది. ఆ టప్ వినకుంటే మళ్ళ మొదటికెళ్ళి చెయ్యి, ఊకె తిప్పకు.

పాన్ డబ్బా లైటర్ గ్యాసు వాడుతున్నవా? దాంట్ల జిడ్డు ఉంటది. బర్నరు జెట్టు రంధ్రం సూది మొన పట్టనంత సన్నం, జిడ్డుతోని మూసుకుపోతది. తీగ పెట్టి పొడవకు, రంధ్రం పెద్దదైతే జెట్టు పారేసుడే. థిన్నర్ల ఒక రాత్రి నానబెట్టి, వెనకకెళ్ళి గ్యాస్ డబ్బాతోనే ఊదు.

ఇగ నూనె సంగతి. క్యాబ్‌ల చిన్న నూనె డబ్బా ఉంటది కదా, లూబ్రికేటరు. దాంట్లకి కొంచెం ఆవిరి పోయి నీళ్ళయితది, నీళ్ళు బరువు కాబట్టి అడుగుకి పోతయి, నూనె పైకి తేలి ఆవిరి గొట్టంలకి ఒక్కో చుక్క పోతది. మోటరు లేదు పంపు లేదు, కథ గంతే. అందుకే ప్రతిసారి అడుగు నీళ్ళు తీసేసి నూనె నింపాలె. బైకు ఇంజనాయిల్ మాత్రం పొయ్యకు, ఆవిరికి కొట్టుకపోతది. షుగర్ ఫ్యాక్టరీలోళ్ళు వాడే స్టీమ్ సిలిండర్ ఆయిల్, 460 గ్రేడు అని అడుగు. ఒక లీటరు తెస్తే నీకు జీవితాంతం. మొదట్ల చిమ్మేది ఆ నూనె, సిలిండర్లు చల్లగుంటే ఆవిరి నీళ్ళయి అన్నీ కలిసి బయటికొస్తయి. పొగగొట్టం మీద పాత గుడ్డ పట్టుకొని ఇంజనుని ముందుకి వెనకకి నాలుగుసార్లు తోస్తే పోతయి. వడియాలకి మాత్రం నా దగ్గర మందు లేదు 😄

యార్క్ అక్క:
తమ్ముడూ మీ బావ మా పక్క ఊరే. మా కష్టం మీకు రివర్సు, చలికాలం తోటలో గ్యాస్ ట్యాంకు గడ్డకట్టినట్టయి మంట చచ్చిపోతుంటే దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఉంచాల్సొస్తుంది. కానీ ఒక సుఖం ఉంది, చలిలో ఆవిరి తెల్లగా ఒత్తుగా కనపడుతుంది. మీ ఎండల్లో అసలు కనిపించదు, ఇంజను పనిచెయ్యట్లేదేమో అనుకునేరు. ధనుర్మాసంలో తెల్లారగట్ట నడిపి చూడండి, అప్పుడు వీడియో తియ్యాలి.

నీళ్ళు: బోరు వద్దే వద్దు. మా క్లబ్బులో ఎక్కువమంది వడకట్టిన వాన నీళ్ళు గానీ డిస్టిల్డ్ గానీ పోస్తారు. బ్యాటరీ షాపులో దొరికే డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్ళు) ఒక్కటే పోస్తే ఇత్తడి ఫిట్టింగుల్ని తినేస్తుందని కొందరంటారు, నేను దాంట్లో రెండు చెంచాలు కుళాయి నీళ్ళు కలుపుతా.

నడిపాక ఇంకో జాగ్రత్త. బాయిలరు చల్లారేటప్పుడు లోపల ఆవిరి నీరైపోయి వ్యాక్యూమ్ వస్తుంది, రెగ్యులేటరు తెరిచి మర్చిపోతే లూబ్రికేటరులో నూనెని బాయిలర్లోకి లాగేసుకుంటుంది. ఒకసారి నూనె వెళ్ళిందా, తర్వాత ప్రతిసారీ నురగే. కొంచెం ప్రెషరు ఉండగానే లూబ్రికేటరు ఖాళీ చేసి, రెగ్యులేటరు మూసి, బాగా చల్లారాక సేఫ్టీ వాల్వు తిప్పి గాలి ఆడనివ్వండి.

తర్వాత కొనేది ఆలోచిస్తుంటే ఒక ముక్క. ఇక్కడ నారోగేజి వాళ్ళు 16 ఎంఎం అంటే ఒక అడుగు అనే లెక్కలో కడతారు. డార్జిలింగ్ బండి గేజు రెండడుగులు కదా, అందుకే 32 ఎంఎం పట్టాల మీద సరిగ్గా అతికినట్టు కూర్చుంటుంది. డాన్‌కాస్టర్‌లో రౌండ్‌హౌస్ అనే కంపెనీ వాళ్ళు ఆ బండి లాగే బీ క్లాస్ ఇంజనుకి బొమ్మ చేశారు, ముద్దొస్తుంది, ధర వింటే ఏడుపొస్తుంది.

బిట్రగుంట బాయిలర్:
డీఎం వాటర్ ఏం తినదు అక్కయ్యా, నేను ఆరేళ్ళ నించి అదే పోస్తన్నా, ఇత్తడి ఇత్తడిగానే ఉంది. నీ రెండు చెంచాల కుళాయి నీళ్ళు ఆచారం మాదిరి ఉంది.

యార్క్ అక్క:
ఆచారమే అనుకోండి 🙂 మీ ఇంజను పన్నెండేళ్ళు నిండాక మాట్లాడుకుందాం.

ఆటోనగర్ లేత్:
ఇంత తతంగం అవసరమా గురూ. మా చిన్నప్పుడు తిరనాళ్ళలో రేకు పడవ అమ్మేవాడు, లోపల వత్తి వెలిగించి పళ్ళెంలో వదిలితే టకటకా అంటూ తిరిగేది, అదీ ఆవిరే. పది రూపాయల్లో అయిపోయేది. ఇప్పుడు బయట నుంచి తెప్పిద్దామంటే బొమ్మల మీద కస్టమ్స్ 2020లో 20 శాతం నుంచి 60 చేశారు, 2023లో 70. బావ లేని వాళ్ళ గతేంటి? నేను ఒక ఆసిలేటింగ్ సిలిండరు లేత్ మీద తిప్పాను, వాల్వు గేరు గొడవ లేదు, సిలిండరే ఊగుతూ ఆవిరి దారి తెరిచి మూస్తుంది. ఇంజను తిరుగుతోంది, బాయిలరు మాత్రం ధైర్యం చాల్లేదు, రాగి గొట్టానికి సిల్వర్ బ్రేజింగ్ (వెండి కలిసిన లోహంతో అతకడం) నేర్చుకుంటున్నా.

బిట్రగుంట బాయిలర్:
బాయిలరు చేస్తే ముందు ఆవిరి పెట్టబాక. నిండా చన్నీళ్ళు పోసి, లోపల గాలి బుడగ లేకుండా, నడిపే ప్రెషరుకి రెండింతలు పంపుతో ఎక్కించి అరగంట చూడు. నీళ్ళతో పగిలితే చుక్క కారుతది, ఆవిరితో పగిలితే మొహం మీదకొస్తది. ఘన ఇంధనం బిళ్ళలతో నడిచే పాత ఇంగ్లీషు ఇంజను ఒకటి నా దగ్గర ఉండేది, బిళ్ళ జారి చెక్క స్లీపర్లు అంటుకున్నాయి, అప్పటినించి పక్కన తడి గోనెసంచి లేకుండా దేన్నీ ముట్టించను.

డాబా రైలు:
అందరికీ థాంక్స్. బోగీ వదిలి చూశా, నాలుగు చోట్లా ఒకేవైపు దొర్లింది, సిగ్గేసింది. ప్లైవుడ్ వేసి, రసమట్టం పక్కింటి మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చి సరిచేశా, ఒక మూల ఏకంగా రెండు టైల్ ముక్కలు పట్టింది. నిన్న సాయంత్రం ఆరున్నరకి మూడు వ్యాగన్లలో కందిపప్పు పొట్లాలు పెట్టి నడిపితే 17 నిమిషాలు చెయ్యి పెట్టకుండా తిరిగింది. నూనె ఇంకా దొరకలేదు, బావ ఇచ్చిన చిన్న సీసాతోనే.

ఇప్పుడు కొత్త తలనొప్పి, ఎదురింటి అంకుల్ బాయిలరుకి లైసెన్సు ఉందా, ఇన్‌స్పెక్టరుకి చెప్తా అంటున్నాడు. నిజంగా కావాలా?

బిట్రగుంట బాయిలర్:
బాయిలర్స్ యాక్టులో 25 లీటర్లకి తక్కువ పట్టేది బాయిలరు కిందకే రాదు. నీదాంట్లో రెండు టీ గ్లాసులు కూడా పట్టవు. అంకుల్‌ని పైకి పిలిచి రెగ్యులేటరు చేతికియ్యి, ఇంకోసారి అడగడు.

డాబా రైలు:
పిలిచా. వచ్చి అరగంట కూర్చున్నాడు, తాను కాజీపేటలో డబ్ల్యూజీ ఇంజన్లు (గూడ్సు బళ్ళు లాగే ఆవిరి ఇంజన్లు) చూస్తూ పెరిగానని చెప్పి, ఆదివారం మనవణ్ణి తీసుకొస్తా అన్నాడు. అమ్మ మాత్రం ఆదివారం మినప వడియాలు పెడతానంటోంది. టైమింగు మాట్లాడుకోవాలి.