పరీక్షల ఏడాదిలో సంగీతం మాన్పించాలా?

ఒక తల్లి:
మా అమ్మాయికి పదిహేడేళ్లు. చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకుంటోంది. పై చదువుకు ఏ కోర్సో తేల్చుకోవాల్సిన ఏడాది ఇది. మావారు ఈ ఒక్క ఏడాదీ ఆపేద్దామంటున్నారు. తనేమో డిగ్రీ కూడా సంగీతంలోనే చేస్తానంటోంది. సంగీతం వస్తే లెక్కలూ బాగా వస్తాయంటారు కదా, ఆ ధైర్యంతో కొనసాగనివ్వచ్చా?

ఇద్దరు పిల్లల తండ్రి:
మీవారు చెప్పిందే సరైందండీ. సంగీతం ఎక్కడికీ పోదు, సీటు పోతే మళ్లీ రాదు. రోజుకు గంటన్నర సాధనంటే వారానికి పది గంటలు పైనే. అవి చదువుకు పెడితే తేడా కనిపించదా?

సంగీతం టీచర్:
అమ్మా, లెక్కల కోసమే అయితే కొనసాగించకండి. సంగీతం చెప్పి బతికే నేనే ఈ మాట అంటున్నాను. పది నిమిషాలు మోజార్ట్ సంగీతం విన్న కాలేజీ విద్యార్థులకు ఆకారాలను ఊహించే పరీక్షలో స్కోరు పెరిగిందని 1993లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఆ ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. జనంలోకి మాత్రం సంగీతంతో తెలివి పెరుగుతుందన్న మాటే పాకిపోయింది. 2004లో మనస్తత్వ శాస్త్రవేత్త షెలెన్‌బర్గ్ 144 మంది ఆరేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగంలో సంగీతం నేర్చుకున్నవాళ్ల ఐక్యూ సగటున 7 పాయింట్లు పెరిగితే, నేర్చుకోనివాళ్లదీ 4 దాకా పెరిగింది. 2020లో సాలా, గోబే అనే పరిశోధకులు 54 అధ్యయనాలను కలిపి చూస్తే, పోలిక జాగ్రత్తగా పెట్టిన ప్రయోగాల్లో ఆ లాభం దాదాపు సున్నా.

మరి ఎందుకు నేర్పాలి? తప్పు పడిన చోట ఆగి, వేగం తగ్గించి, అదే ముక్క మళ్లీ వాయించే ఓపిక కోసం. నలుగురితో కలిసి వాయించేటప్పుడు పక్కవాళ్లను వినడం కోసం. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలకు మార్కులు వేయని గంట రోజులో ఒకటైనా ఉండాలి. అది కూడా లాగేసుకుంటే వాళ్లకు మిగిలేదేమిటి? ఇది నేను మనసారా నమ్మే మాట.

ఫిజిక్స్ లెక్చరర్:
ఆ పది గంటల లెక్క గురించి ఒక మాట. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో లక్షకు పైగా విద్యార్థుల రికార్డులు పరిశీలించి 2019లో ఒక అధ్యయనం వెలువడింది. స్కూల్లో సంగీతం తీసుకున్నవాళ్లకు లెక్కలు, సైన్స్, ఇంగ్లిష్ మార్కులు సగటున ఎక్కువే వచ్చాయి, ముఖ్యంగా వాద్యం నేర్చుకున్నవాళ్లకు. సంగీతమే కారణమని దీంతో తేలదు, పట్టుదల ఉన్న పిల్లలే అందులో చేరి ఉండొచ్చు. అయినా సంగీతం మార్కులను తినేస్తుందన్న భయానికి ఇందులో ఆధారం లేదు.

సంగీతంలో డిగ్రీ చేస్తున్న విద్యార్థి:
ఆంటీ, ఇష్టంగా వాయించడం వేరు, అదే కోర్సుగా చదవడం వేరు. ఇక్కడ ప్రతి వారం ఎవరో ఒకరు మన వాయింపును తూచి మార్కులు వేస్తారు. ఆడిషన్ ముందు చేతులు వణకడం, గంటల సాధనతో మణికట్టు నొప్పి, ఇవన్నీ మామూలే. బాగా వాయించని రోజు మనిషిగానే పనికిరానని అనిపిస్తుంది. ఇష్టం మన చేతిలో ఉన్నంతసేపు బలమిస్తుంది, మనమే దాని చేతిలోకి వెళ్తే నలిపేస్తుంది. అయినా నేను వదల్లేదు, ఎందుకంటే స్టేజీతో పాటు స్వరజ్ఞానం, సిద్ధాంతం, చరిత్ర కూడా నాకు ఇష్టం. మీ అమ్మాయిని అది అడగండి.

ఇప్పుడే ఒక దారి మూసేయక్కర్లేదు కూడా. 1781లో యురేనస్‌ను కనిపెట్టిన విలియం హెర్షెల్ వృత్తిరీత్యా సంగీతకారుడు. క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బృందం గిటారిస్టు బ్రయన్ మే ఎప్పుడో ఆపేసిన ఖగోళ భౌతికశాస్త్రం పీహెచ్‌డీని 2007లో పూర్తి చేశాడు.

ఇద్దరు పిల్లల తండ్రి:
వాళ్లు వేలల్లో ఒకరు బాబూ. మామూలు పిల్లలకు ఆ లెక్క పనికిరాదు.

సంగీతం టీచర్:
నిజమే, అందుకే మధ్యేమార్గం చెబుతున్నాను. ఈ ఏడాది సంగీతం పోటీలు, సంగీతం గ్రేడ్ పరీక్షలు వద్దు. సాధన అరగంటకు తగ్గించండి, వారానికోసారి బృందంతో వాయించడం మాత్రం ఆపకండి. కోర్సు ఏదన్నది పరీక్షలయ్యాక తననే కూర్చోబెట్టి మాట్లాడండి.