గొర్రెలు ముట్టని మొక్కలన్నీ పరాయివేనా?

ప్రశ్న:
దేవరకొండ దగ్గర గుట్టవాలులో మాకు కొంత బీడు భూమి ఉంది. ఒకప్పుడు తొలకరి పడగానే గడ్డితో నిండిపోయే ఆ నేలలో ఇప్పుడు పసుపు పూల మొక్కలు, ముళ్లకంప, క్యారెట్ ఆకుల వంటి ఆకులున్న మొక్క ఒకటి విపరీతంగా పెరిగాయి. గొర్రెలు ముట్టనివన్నీ బయటి నుంచి వచ్చినవేనని, వాటిని పీకించి మిగిలినవి ఉంచితే చాలునని మా చిన్నాయన అంటున్నారు. ఈ కొలమానం సరైనదేనా? దయచేసి తెలుపగలరు.

జవాబు:
సరైనది కాదండీ. మందలు పెద్దగా మేయకపోయినా తంగేడు మన నేల మొక్కే, పైగా మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. సర్కారు తుమ్మ కాయలను గొర్రెలూ మేకలూ ఇష్టంగా తింటాయి గానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. ఆ గింజలు పేడలో, పెంటికల్లో చెక్కుచెదరకుండా బయటపడి మొలకెత్తుతాయి కనుక, మేతకు వచ్చిన మందే దాన్ని బీడంతా నాటుతుంది. పూత మీద ఉన్నప్పుడు చూస్తే నల్లతుమ్మకు పసుపు రంగు గుండ్రటి పూలబంతులు, సర్కారు తుమ్మకు వేలెడు పొడవున వేలాడే పూల కంకులు కనిపిస్తాయి. జమ్మికీ కంకులే ఉంటాయి కాబట్టి తొందరపడి నరికించకండి. జమ్మి ముళ్లు కొమ్మ పొడవునా చెదురుగా ఉంటాయి, సర్కారు తుమ్మకు కణుపుల దగ్గర సాధారణంగా జంటగా వస్తాయి.

క్యారెట్ ఆకుల మొక్క వయ్యారిభామే అయి ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు ఆకులు నేలకు అంటుకొని చక్రంలా పరచుకుంటాయి, తరువాత నిలువు గాడులున్న నూగు కాండం లేచి కొసలలో చిన్న తెల్లపూలు పూస్తుంది.

అసలు చిక్కు పసుపు పూల మొక్కతోనే వస్తుంది. వానాకాలంలో మనం కూర వండుకునే తంటెపు చెట్టును, దాని వంటిదే అయిన సెన్నా యూనిఫ్లోరా అనే పరాయి మొక్కను ఒకటిగా భావించేవారు చాలామంది ఉన్నారు. తంటెపు కాయ సన్నగా, జానెడు వరకు పొడవుగా, కొంచెం వంగి ఉంటుంది. పరాయిదాని కాయ రెండంగుళాలకు మించదు. బల్లపరుపుగా, నూగుతో, గింజకూ గింజకూ మధ్య నొక్కినట్టు ఉంటుంది. లేతకొమ్మను వెలుగుకు ఎత్తి చూస్తే తుప్పురంగు నూగు కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్నించినవారు:
కాయలు పరిశీలించాను, పొట్టివే ఎక్కువగా ఉన్నాయి. కలుపుమందు కొట్టిస్తే ఒకేసారి పోతాయా?

జవాబు:
గ్లైఫోసేట్ వంటి మందు మీరు కాపాడుకోవాలనుకునే గడ్డినీ చంపుతుంది, కనుక బీడులో దాన్ని నేను సూచించను. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, వేరుతో సహా పీకించడమే మేలు. ఒక్క వయ్యారిభామ మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి పూసిన మొక్కలను ఎరువు గుంతలో వేయకండి. పీకేవారు చేతులకు తొడుగులు తప్పక వేసుకోవాలి, లేదంటే కొందరికి దద్దుర్లు, దురద వస్తాయి. సర్కారు తుమ్మను మొదలుకంటా నరికినా మళ్లీ చిగురిస్తుంది. మోడు చుట్టూ తవ్వి, నేలలోపలి మొదలు గడ్డను కూడా తీయించాలి.

మరొకరి జవాబు:
ఒక చిన్న చేర్పు. వయ్యారిభామ ఆకులపై మీగడ రంగు వీపు మీద ముదురు చారలున్న చిన్న పెంకుపురుగు కనిపిస్తే చంపకండి. మెక్సికో నుంచి తెచ్చి 1984లో మన దేశంలో ఈ కలుపు మీదికే వదిలిన పురుగు అది. వానాకాలంలో ఆకులను తినేస్తుంది. పీకిన చోట నేల ఖాళీగా ఉంటే మళ్లీ అదే మొలుస్తుంది. అక్కడ అంజన్ గడ్డి విత్తనం చల్లి, అది వేళ్లూనుకునే వరకు మందను ఆపండి. సర్కారు తుమ్మ కాయలు తిని వచ్చిన గొర్రెలను ఆ తరువాత కూడా కొన్ని రోజులు దొడ్డిలోనే ఉంచి, ఆ పెంటికలను బీడులో చల్లకుండా చూడండి.