అప్‌డేట్: మా ఆఫీసులో డైవర్సిటీ ప్రోగ్రామ్ మొదలైంది

180 మంది ఉన్న మా హైదరాబాద్ కంపెనీలో డైవర్సిటీ ప్రోగ్రామ్ (అన్ని రకాల వాళ్లకూ సమాన అవకాశాలిచ్చే ప్రయత్నం) ఎక్కడ మొదలుపెట్టాలని మార్చిలో ఇక్కడ అడిగాను. "పోస్టర్లు తర్వాత, ముందు చట్టం చూడండి" అన్నారు ఒకరు. అదే పనికొచ్చింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల పాలసీ ఉండాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే వికలాంగుల నియామకం, సౌకర్యాలు చూసుకునే లైజన్ ఆఫీసర్‌నీ నియమించాలి. మా దగ్గర రెండూ లేవు. ఆ మాట చెప్పాక ఎండీగారు వారంలోనే సంతకం పెట్టారు.

తర్వాత అకౌంట్స్‌లో చూపు లేని అమ్మాయి చేరింది. తన పక్కన కూర్చుని లీవ్ పోర్టల్ తెరిస్తే, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అంటోంది తప్ప ఏది దేనికో చెప్పట్లేదు. సెలవు పెట్టాలన్నా ప్రతిసారీ ఎవరినో బతిమాలుకోవాలి. నాకు చాలా బాధేసింది. వెండర్ వెంటపడి బటన్లన్నిటికీ పేర్లు పెట్టించాం. మొన్న తన సెలవు తనే పెట్టుకుంది!

ఇంటర్వ్యూల్లో "ఇంటిపేరేంటి, మీవాళ్లెవరు?" అని కూపీ లాగే అలవాటు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ప్రశ్నలు ముందే రాసిచ్చి, ఇంటర్వ్యూ ఒక్కరికే వదలకుండా ఇద్దరిని కూర్చోబెడుతున్నాం. దీన్ని మాన్పించిన అనుభవం ఎవరికైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇక వీల్‌చైర్ల కోసం ర్యాంపు పని సోమవారం మొదలవుతుంది.