అవతార్ అనాలా, అవతారం అనాలా?

నీల్ స్టీఫెన్‌సన్ 1992లో రాసిన ‘స్నో క్రాష్’ నవలను పరిచయం చేస్తూ ఒక వ్యాసం రాస్తున్నాను. సైబర్‌పంక్ (కంప్యూటర్ల చుట్టూ తిరిగే ఒక రకం సైన్స్ ఫిక్షన్) అనగానే చీకటి, వాన, నియాన్ దీపాలు, దిగులు మొహాల హ్యాకర్లు గుర్తొస్తారు. ఇది ఆ సరంజామా అంతా పెట్టుకునే కడుపుబ్బ నవ్వించే నవల. పిజ్జా 30 నిమిషాల్లో చేరకపోతే మాఫియా పెద్ద స్వయంగా ఫోన్ చేసి, మర్నాడు హెలికాప్టర్‌లో దిగి మరీ క్షమాపణ చెప్పే లోకం అది. ఆ పిజ్జాలు చేరవేసేవాడే కథానాయకుడు. హ్యాకర్ కూడా, కత్తియుద్ధంలో అందెవేసిన చెయ్యి కూడా.

చిక్కు ఒక మాట దగ్గర వచ్చింది. జనం మెటావర్స్ అనే కంప్యూటర్ లోకంలోకి వెళ్ళినప్పుడు అక్కడ వాళ్ళకి ఉండే రూపాన్ని ఇంగ్లీషు మూలంలో ‘అవతార్’ అన్నారు. తెలుగులో రాస్తున్నప్పుడు కూడా అవతార్ అనే రాయాలా, హాయిగా అవతారం అనొచ్చా? నవల చదివిన మిత్రులు ఇద్దరు ముగ్గురిని అడిగాను. అవతారం అంటే పురాణం చదువుతున్నట్టు ఉంటుంది, హాస్యం చచ్చిపోతుంది అన్నారు.

నాకు సరిగ్గా దానికి వ్యతిరేకంగా అనిపిస్తోంది. మనం రోజూ వాడే అవతారంలో పురాణం ఎంత ఉంది? తల చెదిరి, చొక్కా నలిగి, ఒక కాలికి చెప్పు లేకుండా ఎవరైనా గుమ్మంలోకి వస్తే ‘ఏమిట్రా ఈ అవతారం?’ అంటాం. నిన్నటిదాకా లెక్కలు రాసుకున్నవాడు ఇవాళ కవి అవతారం ఎత్తాడంటాం. ఈ మాటలో వెక్కిరింత ముందే ఉంది. నవలలో మెటావర్స్ వీధి నిండా ఇలాంటి అవతారాలే. సొంతంగా చేసుకునే తీరిక, నేర్పు లేనివాళ్ళు దుకాణంలో రెడీమేడ్ బొమ్మ కొనుక్కుని తగిలించుకుంటారు. అందులో బ్రాండీ అనే ఆడ రూపం ఒకటి. దాని కనురెప్పల వెంట్రుకలు అరంగుళం పొడుగు. సాఫ్ట్‌వేర్ చవకరకం కాబట్టి విడివిడిగా కాకుండా నల్లటి చెక్కపేళ్ళలా అతుక్కుని కనిపిస్తాయి. వీధిలో అలాంటి బ్రాండీలు గుంపులు గుంపులు. పబ్లిక్ బూత్ నుంచి వచ్చేవాళ్ళయితే రంగు కూడా లేకుండా, నలుపు తెలుపులో మసకమసగ్గా తిరుగుతుంటారు. వీళ్ళని చూసి ‘ఏమిటీ అవతారం’ అనకుండా ఉండగలమా? ‘ఏమిటీ అవతార్’ అంటే ఆ రుచి రాదు.

మీరేమంటారు?

*

అవతార్ నాకూ నచ్చదండీ. అయితే అవతారం కంటే ‘వేషం’ దగ్గరగా ఉందేమో చూడండి. అవతారం అంటే పై నుంచి దిగి రావాలి. ఈ నవలలో హీరో ఉండేది సామాన్లు దాచుకునే అద్దె గిడ్డంగి గదిలో. గాగుల్స్ పెట్టుకుని నేలమీదే కూర్చుంటాడు. దిగింది ఎక్కడి నుంచి? నచ్చిన రూపం తగిలించుకుని పదిమందిలో తిరుగుతున్నాడు, అంతే కదా. దాన్ని వేషం అంటే సరిపోతుంది, వెటకారం కూడా నిలబడుతుంది.

*

వేషం ఒంటి మీద వేసుకునేది. తీసేస్తే కింద అసలు మనిషి అక్కడే ఉంటాడు. మెటావర్స్‌లో ఆ రూపం కింద ఇంకో ఒళ్ళు లేదు, చూసేదీ నడిచేదీ కత్తి తిప్పేదీ అదే. నాకు అవతారం అనడానికి ఇదొక్కటే చాలు. ఏ లోకంలోకి వెళ్తే ఆ లోకానికి తగ్గ ఒళ్ళు తొడుక్కుని, అక్కడి కష్టసుఖాలకి లోబడడం. మత్స్యమై వస్తే నీళ్ళల్లో ఈదాల్సిందే కదా.

హ్యాకర్ల క్లబ్బులో జరిగే కత్తియుద్ధం గుర్తు తెచ్చుకోండి. ఓడినవాడి రూపం ముక్కలైపోతుంది. వాడు ఆ లోకం నుంచి బయటపడతాడు. శవాలు మోసే పని కోసమే రాసిపెట్టిన ప్రోగ్రాములు నేల కింది సొరంగాల నుంచి వచ్చి, ఆ ముక్కలు ఏరుకుని కాల్చడానికి తీసుకుపోతాయి. అదయ్యేదాకా వాడు మళ్ళీ రాలేడు. దీన్ని ‘వేషం తీసేశాడు’ అని ఎలా రాస్తారు? మన భాషలో ‘అవతారం చాలించాడు’ అనే నుడికారం ఎప్పటినుంచో ఉంది. నవ్వు, చావు రెండూ ఒకే మాటలో ఇమిడాయి. ఇంతకన్నా ఏం కావాలి? పైగా కథలోని వైరస్ అక్కడ తెర మీద చూసిన హ్యాకర్‌కి ఇక్కడ మెదడు పాడుచేస్తుంది. అక్కడి దెబ్బ ఇక్కడ తగలడం వేషానికి కుదరదు.

*

మాట చరిత్ర కొంచెం చెప్తాను. అవ అనే ఉపసర్గ, తౄ ధాతువు కలిసి కిందికి దిగడం అనే అర్థం వచ్చింది. అవతరించడం, అవతారిక కూడా అక్కడివే. సంస్కృతం నుంచి ఇంగ్లీషులోకి 18వ శతాబ్దం చివర్లోనే వెళ్ళింది, దైవావతారం అనే అర్థంలో. కంప్యూటర్ ఆటల్లోకి 1980లలో వచ్చింది. 1985 నాటి ‘అల్టిమా 4’ ఆట పేరులోనే అవతార్ ఉంది. లూకస్‌ఫిల్మ్ వాళ్ళ ‘హ్యాబిటాట్’ అనే ఆటలో తెర మీద ఆటగాడి తరఫున తిరిగే బొమ్మని అవతార్ అన్నారు. దాన్ని చేసినవాళ్ళు చిప్ మార్నింగ్‌స్టార్, రాండల్ ఫార్మర్. స్టీఫెన్‌సన్ ఈ సంగతి తెలియకుండానే అదే మాట ఎంచుకున్నానని, నవల అచ్చయ్యాక హ్యాబిటాట్ గురించి తెలిసిందని తర్వాతి ముద్రణలో రాశాడు. వేర్వేరు చోట్ల వెతికినవాళ్ళు ఒకే మాట దగ్గర ఆగారంటే, మాటలో ఆ సత్తా ఉందనే నా నమ్మకం.

ఇక రూపం సంగతి. సంస్కృతంలో అవతారః, తెలుగులో తత్సమంగా అవతారము, వాడుకలో అవతారం. చివర పొల్లు పెట్టిన అవతార్ ఇంగ్లీషు దారిన తిరిగొచ్చింది. విభక్తి చేర్చి చూడండి. అవతారాన్ని, అవతారానికి, అవతారాలతో అన్నప్పుడు నోరు ఎక్కడా తట్టుకోదు. అవతార్‌ని, అవతార్‌కి, అవతార్‌లతో అంటే ప్రతిసారీ పొల్లు దగ్గర ఒక గతుకు. నాలుగు పేజీల వ్యాసంలో ఆ గతుకులు చాలానే వస్తాయి.

*

ఒక్క సంగతి ఎవరూ అనలేదే! మెటావర్స్‌లో ఎవరు ఏ రూపమైనా ఎత్తొచ్చు, గొరిల్లా అయినా, డ్రాగన్ అయినా. కానీ అసలు మనిషి ఎంత ఎత్తో అంతకంటే పొడుగు ఉండకూడదని నియమం. లేకపోతే జనం మైలు ఎత్తున పెరిగి వీధిలో నడుస్తారని భయం.

ఇది చదవగానే నాకు పోతన వామనుడు కళ్ళముందు నిలిచాడు. ‘ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దా నింతై నభోవీథిపై నంతై’. మెటావర్స్ వీధిలో ఈ పద్యానికి అనుమతి లేదు! రెండో ‘ఇంతై’ దగ్గరే ఆపేస్తారు. అమెరికా పాఠకుడికి అది ఉత్త ట్రాఫిక్ నియమం. తెలుగు పాఠకుడు అవతారం అనే మాటతో చదివితే ఆ నియమం వెనక త్రివిక్రముడు నిలబడి ఉంటాడు. అవతార్ అని రాసి ఈ ఆనందాన్ని పాఠకుడికి దూరం చెయ్యకండి, దయచేసి.

*

కొంచెం పక్కదారి. కథానాయకుడి పేరు ఎలా రాస్తున్నారు? హిరో ప్రొటాగనిస్ట్. ప్రొటాగనిస్ట్ అంటే ఇంగ్లీషులో కథానాయకుడే. పేరు పెట్టడంలోనే రచయిత అల్లరి మొదలవుతుంది. కొందరికి అదే నచ్చక మొదటి అధ్యాయంలోనే పుస్తకం మూసేస్తారు, కొందరు ఆ పేరు కోసమే చదువుతారు. జపాన్ పేరు కాబట్టి ‘హి’కి గుడి చాలు, కానీ పాఠకుడికి గుడిదీర్ఘం వినపడాలి. గుడితోనే రాయండి, మనవాళ్ళకి హీరో అనే మాట ఎంత అలవాటంటే దీర్ఘం వాళ్ళే పెట్టుకుంటారు.

ఇంకో మాట. నవలలో సుమేరియన్ అనే ప్రాచీన భాష గురించి లైబ్రేరియన్ అనే ప్రోగ్రాం చెప్పే భాగాలు సాగదీత అని చాలామంది విసుక్కుంటారు. కథ వేగం అక్కడ తగ్గుతుంది, నిజమే. కానీ ప్రత్యయాలు ఒకదానికొకటి అతుక్కుంటూ మాట పెరగడం సుమేరియన్ లక్షణం, తెలుగుదీ అదే పద్ధతి. భాష మనిషి మెదడు మీద ఎంతవరకు పెత్తనం చెయ్యగలదనేది ఈ నవల అడిగే అసలు ప్రశ్న. మీ వ్యాసంలో ఆ భాగాన్ని వదిలెయ్యకండి.

*

అందరికీ ధన్యవాదాలు. ‘చాలించడం’, వామనుడు రెండూ వ్యాసంలోకి వెళ్తున్నాయి. లాగిన్ అయ్యాడు అనే చోట ‘అవతారం ఎత్తాడు’ అనీ, దుకాణంలో కొన్నవాటిని ‘రెడీమేడ్ అవతారాలు’ అనీ రాస్తాను. వేషం అన్న మిత్రుల మాట కూడా ఒకచోట పనికొచ్చింది. హిరో పిజ్జా డెలివరీ యూనిఫాం వేసుకుని కారెక్కే సన్నివేశం ఉంది కదా, అక్కడ దిగడం లేదు, ఇంకో లోకం లేదు, ఒంటి మీద బట్టలే. అది వేషమే. మొదటి పేజీలో వేషం, మెటావర్స్‌లో అడుగుపెట్టాక అవతారం.