1920ల అమెరికా వైభవం: కూలిడ్జ్ ప్రభుత్వం ఘనతా? వాయిదాల మీద నడిచిన బండా?

కృష్ణాతీరం:
1929లో షేర్ మార్కెట్ కుప్పకూలింది కాబట్టి అంతకుముందు పదేళ్లూ ఉత్త బుడగే అనడం అన్యాయం. 1908లో 850 డాలర్లున్న ఫోర్డ్ మోడల్ టి కారు, 1925 నాటికి 300 లోపే దొరికింది. 1920 నవంబర్‌లో పిట్స్‌బర్గ్ నుంచి కేడీకేఏ రేడియో స్టేషన్ హార్డింగ్ గెలిచిన అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదివినప్పుడు విన్నవాళ్లు కొద్దిమందే. పదేళ్లు తిరిగేసరికి దాదాపు ప్రతి ఐదిళ్లలో రెండిళ్లకు రేడియో వచ్చేసింది. ఆర్థికమంత్రి ఆండ్రూ మెలన్ గరిష్ఠ ఆదాయపు పన్నును 73 శాతం నుంచి 25కి దించినా బడ్జెట్‌లో మిగులే ఉంది, మొదటి ప్రపంచయుద్ధం నాటి అప్పు కూడా తగ్గుతూ వచ్చింది. ఇందులో ప్రభుత్వానికి క్రెడిట్ ఏమీ లేదా?

పత్తిచేను:
కారు చౌక కావడానికి, మెలన్‌కు సంబంధం లేదండీ. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ కదిలింది, 1916కే ఆ కారు 360 డాలర్లకు దిగింది. అప్పటికి అధ్యక్షుడు విల్సన్, పన్నుల తగ్గింపు ఊసే లేదు.

అసలు ఆ వైభవం ఎవరిది? యుద్ధకాలంలో బుషెల్ (సుమారు 27 కిలోలు) రెండు డాలర్ల పైన పలికిన గోధుమ 1921 చివరికి డాలర్ దగ్గరికి పడిపోయింది. మంచి ధర ఉన్నప్పుడు భూమి కొనడానికి తెచ్చిన అప్పు మాత్రం ఒక్క సెంటు తగ్గలేదు. ఊళ్లలో చిన్న బ్యాంకులు ఆ దశకమంతా మూతపడుతూనే ఉన్నాయి. 1922లో ఫోర్డ్నీ-మెకంబర్ చట్టంతో ఫ్యాక్టరీ సరుకుకు దిగుమతి సుంకాల గోడ కట్టారు. రైతు పంటకు ధర కల్పించే మెక్‌నారీ-హౌగెన్ బిల్లును కాంగ్రెస్ రెండుసార్లు ఆమోదిస్తే 1927లో, 1928లో రెండుసార్లూ అధ్యక్షుడు కూలిడ్జ్ వీటో చేశారు. 1930లో కూడా పదింట ఒక్క రైతు ఇంటికే కరెంటు ఉంది. వాళ్లకు వాషింగ్ మెషీన్ ప్రకటన చూపించి ఏం లాభం?

లెక్కలపుస్తకం:
మీరిద్దరూ వాయిదాల సంగతి వదిలేశారు. నా దృష్టిలో అసలు కీలకం అక్కడుంది. 1919లో జనరల్ మోటార్స్ తన కార్లకు అప్పిచ్చే కంపెనీ ప్రత్యేకంగా పెట్టింది. దశకం చివరికొచ్చేసరికి సగానికి పైగా కార్లు అప్పు మీదే అమ్ముడుపోయాయి. మామూలుగా ఎలా ఉండేదంటే, మూడో వంతు ముందు కట్టాలి, మిగతాది ఏడాదిలో నెలనెలా తీర్చాలి. కట్టడం ఆగితే కారు పట్టుకుపోతారు, అప్పటిదాకా కట్టిన డబ్బూ పోయినట్టే. పది నెలలు కట్టినవాడికీ అదే గతి.

ఈ షరతు ఉన్న మనిషి 1930లో ఏం చేస్తాడు? ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్‌లో కారు నిలబెట్టుకోవడానికి బట్టలు, ఫర్నిచర్ కొనడం మానేస్తాడు. లక్షల కుటుంబాలు ఒకేసారి ఆ పని చేస్తే దుకాణాలు ఖాళీ, ఆ వెనకే ఫ్యాక్టరీలు. షేర్లు లేని ఇంటికి కూడా మాంద్యం వచ్చిన దారుల్లో ఇదొకటి. వాషింగ్టన్ ఆ షరతుల జోలికే పోలేదు. నేను ప్రభుత్వాన్ని తప్పుపట్టేది ఇక్కడే.

కృష్ణాతీరం:
వాయిదాల వాదన బలమైనదే, ఒప్పుకుంటాను. సుంకాలను నేనూ సమర్థించను. కానీ వీటో సరైనదే అంటాను. మిగులు పంటను ప్రభుత్వమే కొని విదేశాల్లో చౌకగా అమ్మాలన్నది ఆ బిల్లు. దాంతో రైతు ఇంకా ఎక్కువ పండిస్తాడు, అవతలి దేశాలు ఊరుకోవు. ఉన్న మిగులే అమ్ముడుపోని చోట ఇంకా పండించమని చెప్పడం రైతుకు మేలా?

పత్తిచేను:
కృష్ణాతీరం గారూ, ధరల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదనుకుంటే ఆ మాట ముందు ఫ్యాక్టరీ సుంకాలకు చెప్పాలి కదా. మిల్లు యజమానికి రక్షణ ఇచ్చి, రైతును మార్కెట్‌కు వదిలేయడమే నా అభ్యంతరం. పైగా 1929లో హూవర్ అధ్యక్షుడిగా వచ్చాక కూలిడ్జ్ గారి రిపబ్లికన్ పార్టీయే పంట ధరలు నిలబెట్టడానికి ఫెడరల్ ఫార్మ్ బోర్డు పెట్టి 50 కోట్ల డాలర్లు కేటాయించింది. రైతుల అప్పులు ఏళ్లుగా ముదిరిపోయాక వచ్చిన సాయం అది. బోర్డు తరఫున గోధుమ కొంటూ ఉండగానే ధర ఇంకా పడిపోయింది.