నైట్రస్ పెట్టే ముందు ఫ్యూయల్ పంపు మార్చాలా, అక్కర్లేదా?

అల్వాల్_కుర్రాడు:
అన్నలూ, నాది 1.6 లీటర్ పెట్రోల్ సెడాన్, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్ 100 హార్స్‌పవర్ చిల్లర. 50 హార్స్‌పవర్ అదనంగా ఇచ్చే నైట్రస్ వెట్ కిట్ కొన్నా (బాటిల్‌లోని నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్‌ని ఇంజన్‌లోకి వదిలే సామాను). రోడ్డు మీద వాడను, చెన్నై ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లినప్పుడే. ఇద్దరు మెకానిక్‌లని అడిగితే ఒకాయన "ముందు పంపు, లైను, రెగ్యులేటర్ మార్చు, బాటిల్ సంగతి తర్వాత" అన్నాడు. ఇంకొకాయన "యాభైకి అదంతా దండగ" అన్నాడు. ఎవరి మాట వినాలి?

మల్కాజిగిరి_మోటార్:
రెండో ఆయన మాటే కరెక్టు తమ్ముడూ. వెట్ కిట్ల నైట్రస్‌తో పాటు పెట్రోలు కూడా ఆ నాజిల్ నుంచే పోతది, నీ ఇంజెక్టర్ల మీద బరువు పడదు. లెక్క జూడు. ఒక్క హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 0.3 లీటర్ పెట్రోలు. వందకి 30 లీటర్లు, మీద ఇంకో 50కి 15. మొత్తం 45. స్టాక్ పంపు కొత్తదైతే ఇంతకన్న మస్తు ఎక్కువే తోస్తది. ఆ పైసలతోని ఒక మెట్టు కోల్డ్ స్పార్క్ ప్లగ్గులు (వేడి జల్ది వదిలేవి) వేయించు, స్పార్క్ టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి పెట్టించు. ఇంజన్‌ని కాపాడేది అవి.

రాణిగంజ్_స్పానర్:
మల్కాజిగిరి అన్నా, మీ లెక్క తప్పనను. "కొత్తదైతే" అన్నారు చూడండి, నా గొడవంతా ఆ మాట దగ్గరే. బండి లక్షా పది వేలు తిరిగింది. ట్యాంకులో పంపు కింద పెట్రోలు వడకట్టే జాలి ఒక్కసారైనా తీసి చూశాడా?

నాకు జరిగింది చెప్తా. మూడేళ్ల కింద ఇదే 50 కిట్ పెట్టించా. గ్యారేజీ వాళ్లు కూడా ఇదే లెక్క చెప్పి సరిపోద్దన్నారు. మూడోసారి నైట్రస్ బటన్ నొక్కినప్పుడు, మూడో గేరులో, రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు చప్పుడొచ్చింది. రెండు సెకన్లు ఉంటుందేమో. కాలు తీసేశా, అప్పటికే అయిపోయింది. నాలుగో ప్లగ్ ఊడదీస్తే తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు సన్నటి మెరిసే చుక్కలు. అది పిస్టన్ అల్యూమినియం. హెడ్ ఎత్తి చూస్తే ఆ పిస్టన్ అంచు తడిసిన సబ్బుముక్కలా ఒక పక్క అరిగిపోయి ఉంది, పై రింగు బయటికి కనబడుతోంది.

ఇంజన్ మళ్లీ కట్టించాక ఫ్యూయల్ రైలుకి (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) ప్రెషర్ గేజ్ పెట్టి డైనో మీద (బండిని ఉన్నచోటే నడిపి పవర్ కొలిచే మెషిన్) చూశా. మామూలుగా 3 బార్. నైట్రస్ తెరుచుకోగానే 2.4. ఒత్తిడి 20 శాతం పడితే ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు దాదాపు 10 శాతం తగ్గుతుంది, నాజిల్‌కి వెళ్లేదీ తగ్గుతుంది. నైట్రస్ మాత్రం తగ్గదు. బాటిల్‌లో 900 పీఎస్ఐ ఉంటుంది, అది నీ పంపు కోసం ఆగదు. పైగా గాలిలో బరువు లెక్కన 23 శాతం ఆక్సిజన్ అయితే నైట్రస్‌లో 36 శాతం. అంత ఆక్సిజన్ వచ్చినప్పుడు పెట్రోలు చాలకపోతే కరిగేది పిస్టనే.

వెట్ కిట్ తన పెట్రోలు తనే తెచ్చుకుంటుందంటారు. ఎక్కణ్నుంచి తెస్తుంది? అదే రైలు, అదే పంపు. నా బండిలో రైలు చివర, నాలుగో సిలిండర్ పక్కనే కనెక్షన్ తీశారు. ముందు దెబ్బ తిన్నది కూడా ఆ సిలిండరే.

మల్కాజిగిరి_మోటార్:
స్పానర్ భాయ్, నీకు జరిగినదానికి నిజంగ బాధైతుంది. కానీ అది పంపు చిన్నదై జరిగిందా, పంపుకి కరెంటు సరిగ అందక జరిగిందా? పంపు ప్లగ్గు దగ్గర వోల్టేజ్ కొలిచినవా?

రాణిగంజ్_స్పానర్:
కొలిచా. బ్యాటరీ దగ్గర 13.8, పంపు దగ్గర 11.6. వైరు సన్నది, పాతది. రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు వేశా, జాలి మార్చా, పంపు కూడా పెద్దది వేశా. మూడూ ఒకేసారి చేశా కాబట్టి ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. ఇప్పుడు నైట్రస్ మీద కూడా 2.9 తగ్గదు.

ఉప్పల్_ఎండ:
ఇంకోటి ఎవరూ అనట్లేదు. మన మే నెల ఎండ. జెట్లు (నైట్రస్, పెట్రోలు ఎంత పోవాలో కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) ఎంచేది బాటిల్‌లో 900, 950 పీఎస్ఐ ఉంటుందని. అది 30 డిగ్రీల దగ్గరి మాట. డిక్కీలో బాటిల్ పెట్టి బండి మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే ఒత్తిడి దానికి ఎంతో పైకి పోతుంది, జెట్ లెక్క చెడిపోతుంది. బాటిల్‌కి గేజ్ లేకుండా బటన్ ముట్టుకోవద్దు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20. ఇథనాల్ కలిసిందానికి అదే గాలికి పెట్రోలు ఇంకొంచెం ఎక్కువ కావాలి. 45 లీటర్ల లెక్కలో అది లేదు. కిట్ జెట్ చార్ట్ ఏ పెట్రోలుకి రాసిందో చూసుకో తమ్ముడూ.

తార్నాక_ఆర్సీ:
ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అడుగుతారు. ట్రాక్‌కి బండిని ట్రక్కు మీద తీసుకెళ్లు.

అల్వాల్_కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్ అన్నా. స్పానర్ అన్న చెప్పినట్టు గేజ్ పెట్టించి డైనో మీద నడిపించా, నైట్రస్ లేకుండానే. ఐడిల్‌లో 3.0. ఫుల్ యాక్సిలరేటర్ మీద 5,500 ఆర్‌పీఎం దగ్గర 2.7కి పడింది.

రాణిగంజ్_స్పానర్:
స్టాక్ పవర్‌కే 2.7 అంటే ఆ పంపు మీద ఇంకో 15 లీటర్లు ఎలా వేస్తావు తమ్ముడూ? మార్చేయ్. ప్రెషర్ పడితే నైట్రస్ దానంతటదే ఆగిపోయే ఫ్యూయల్ ప్రెషర్ స్విచ్ కూడా తప్పకుండా పెట్టించు. నా దగ్గర అదొక్కటి ఉన్నా ఆ పిస్టన్ మిగిలేది.

మల్కాజిగిరి_మోటార్:
స్విచ్ పెట్టాల్సిందే, అక్కడ నాది రెండో మాట లేదు. పంపు మాత్రం ఇప్పుడే కొనకు తమ్ముడూ. ముందు జాలి మార్చు, రిలే, వైరు వేయించు, అదే డైనో మీద మళ్ల కొలువు. 3.0 నిలబడితే నీ పంపు మంచిదే.

అల్వాల్_కుర్రాడు:
ఆదివారం ట్యాంకు దింపుతున్నాం. జాలి ఫోటో, కొత్త రీడింగు రెండూ ఇక్కడే పెడతా. అప్పటిదాకా బాటిల్ మా ఇంట్లో నీడపట్టునే ఉంటుంది.